సొర విత్తనాల బాకీ

అడుగు వేస్తే బూటు కింద గాజు ముక్కలు కరకరమంటున్నాయి. నలిగిన టమాటా ఆకుల ఘాటు వాసన చేతులకు పట్టుకుని వదలడం లేదు. రాత్రి గాలికి నా గ్రీన్‌హౌస్‌లో పోయినవి ఇవి: అద్దాలు పందొమ్మిది, తలుపు ఒకటి, టమాటా మొక్కలు పదకొండు, మిరప కుండీలు ఏడు, సొర పాదులు నాలుగు. రెండుసార్లు లెక్కపెట్టాను. గాలివాన వెలిసిన పొద్దున ముందు చేయవలసిన పని ఇదేనని నాకు నేర్పినవారు విశాలాక్షి ఆంటీ.

గ్లాస్గో శివారులో కౌన్సిల్ అద్దెకిచ్చే తోట మడులు ఒక గుట్ట మీద ఉన్నాయి. చెట్టూ చాటూ లేని చోటు. పొద్దున ఎండ కాసి మధ్యాహ్నానికి వడగళ్లు పడతాయి. గాలి మాత్రం ఏ నెలలోనూ సెలవు పెట్టదు. నా పక్క మడి ఆంటీది. బాపట్ల వైపు మనిషి. ఆస్పత్రి వంటశాలలో పనిచేసి రిటైరయ్యారు. భర్త లేరు, కూతురు లండన్ దగ్గర స్లౌలో ఉంటుంది. ఆంటీని నేను మొదట చూసిన రోజున ఆమె గ్రీన్‌హౌస్ కప్పు సగం లేదు. మన ఊళ్లో పందిరికి కట్టినట్టే సొర తీగల్ని తాళ్లతో గ్రీన్‌హౌస్ చట్రానికి కట్టేశారు. గాలికి తీగలు ఊగి, కాయల బరువుకు చట్రం వంగి, అద్దాలు ఊడిపడ్డాయి.

"అయ్యో, ఎంత పని జరిగిందండీ!" అన్నాను.

"అయ్యో తర్వాత అందువుగానీ, ఆ వైపు ఎన్ని పోయాయో చూడు అబ్బాయ్."

"ఎనిమిది."

"బీటలిచ్చినవి కలిపావా? అవీ పోయినట్టే."

"అయితే పదకొండు."

"హమ్మయ్య! నేను ఇరవై అనుకున్నా."

ఆ హమ్మయ్య నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఒక ఏడాది గోడౌన్‌లో నా ఉద్యోగం పోయింది. ఆంటీ నన్ను తిరగేసిన బకెట్ మీద కూర్చోబెట్టి, "జీతం పోయింది, సరే. ఇంకేం పోయాయి? ఒక్కొక్కటే చెప్పు" అన్నారు. మూడు దగ్గర ఆగిపోయాను. చదువు మధ్యలో ఆగిపోయి, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి. లెక్క మనిషిని నిలబెడుతుందని మాత్రం ఆ బకెట్ మీదే తెలిసింది.

ఆమె సొర విత్తనం అత్తగారిది. కొత్త కాపురానికి వస్తూ సూట్‌కేసులో తెచ్చుకున్నారు. పొట్టి కాయ, మెడ దగ్గర ముదురాకుపచ్చ చారలు. ఏటా ఒక కాయను తీగ మీదే ముదరనిచ్చి, ఆపైన ఇంట్లో నీళ్లు కాచే బాయిలర్ ఉన్న వెచ్చటి అల్మారాలో ఎండబెట్టి విత్తనాలు తీసేవారు. ఊళ్లో ఆ జాతి ఎప్పుడో పోయింది. అక్కడిప్పుడు అందరిదీ ప్యాకెట్ విత్తనమే. ఇక్కడ కూడా రెండేళ్లు వరుసగా కాయ ముదరలేదు. అప్పుడు ఆంటీ మిగిలిన వాటిలో సగం, పన్నెండు, నా దోసిట్లో పోశారు.

"రెండుచోట్ల ఉంటే ఒకచోటైనా నిలుస్తుంది. ఊరికే కాదు నాయనా, ఒకటికి రెండు తిరిగివ్వాలి."

"ఇదేం వడ్డీ ఆంటీ, బ్యాంకులే నయం!"

"మా అత్త నా దగ్గర ముక్కుపిండి వసూలు చేసింది. నిన్ను వదులుతానా?"

నేను ఏడాదికి నాలుగు చొప్పున నాటాలనుకున్నాను. ఆంటీ తన పన్నెండూ ఒకేసారి నాటేశారు. ఎందుకని అడిగితే, "నీకు ఇంకా ఏళ్లున్నాయిలే" అన్నారు. ఆ జూన్ చలిగాలికి ఇద్దరి పాదులూ ఒక్క పూటలో మాడిపోయాయి. రెండో ఏడు నా కాయ ఒకటి అల్మారా దాకా వచ్చింది. అప్పటికి ఆంటీ ఆస్పత్రిలో ఉన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"ఊపితే గలగలమంటోందా?"

"ఇంకా లేదండీ."

"తొందరపడి కొయ్యకు."

కాయ లోపలే కుళ్లింది. ఆ సంగతి చెప్పాను. "నాలుగున్నాయిగా" అన్నారు.

ఆ చలికాలం ఆమె దాటలేదు. ఇంట్లో విత్తనాలేమైనా దొరికాయా అని కూతుర్ని అడిగాను. "కిచెన్ మొత్తం క్లియర్ చేశాం అన్నయ్యా. డబ్బాలన్నీ ఎంప్టీయే" అంది.

ఆ చివరి నాలుగింటి పాదులే రాత్రి పోయాయి. వేళ్లతో సహా లేచి కంచె మీద పడి ఉన్నాయి. తీగలకు ఐదు కాయలు మిగిలితే ఇంటికి తెచ్చి ఒక్కొక్కటే కోశాను. గింజలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. గోటితో నొక్కితే నీరు. ఐదో కాయను చాలాసేపు బల్ల మీదే ఉంచాను. చివరికి కోశాను. అదీ అంతే. ఇంకో నెల ఎండ ఉండి ఉంటే చాలునేమో. ఆ నెల ఈ గుట్ట మీదికి రాలేదు.

పోయినవన్నీ లెక్కపెట్టినా ఈసారి నాకు హమ్మయ్య అనిపించలేదు. నాటడానికి ఒక్క గింజ లేదు. తెచ్చిచ్చినా పుచ్చుకునే మనిషి లేరు. ఆంటీకి నేను ఇవ్వవలసినవి మాత్రం అలాగే ఉన్నాయి: ఇరవై నాలుగు.