మా హాల్లో గోడెక్కిన నాయకుడు

అమెరికాలో మేముండే అరోరాలో మా తెలుగు సంఘానికి అధ్యక్షుడిగా నిలబడాలని నాకు బుద్ధి పుట్టిన ఏడాదే ఆ బొమ్మ కొన్నాను. నది పక్కన పాత సామాన్ల కొట్లో దొరికింది. పంతొమ్మిదో శతాబ్దపు పత్రికలోంచి తీసి ఫ్రేము కట్టిన రంగుల అచ్చు. నిండైన పెద్దమనిషి ఒకడు అద్దం ముందు నిలబడి ఉంటే, దర్జీలు మోకాళ్ల మీద కూర్చుని ఆయనకు కోటు సరిచేస్తున్నారు. జనం తమ నాయకుడికి చేసుకుంటున్న సేవ అనుకున్నాను. కింద సన్నటి అక్షరాల్లో ఏదో రాసి ఉంది కానీ, నా కళ్లజోడు కార్లో ఉండిపోయింది.

దాన్ని హాల్లో సోఫా పైన తగిలించాను. దాని కిందే కూర్చుని, "మీ సేవకుడిగా..." అంటూ మొదలుపెట్టి ప్రచారం వీడియో తీయించుకున్నాను. తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాను.

ఆ వారాంతం కాలేజీ నుంచి మా అమ్మాయి వచ్చింది. హిస్టరీ చదువుతోంది. బొమ్మను కాసేపు చూసి నావైపు తిరిగింది.

"డాడీ, ఇది కార్టూన్, తెలుసా? ఈ మనిషికి ప్రెసిడెంట్ అవ్వాలని ఉంది. ఎలక్షన్ ఇంకా అవ్వలేదు, కానీ ప్రెసిడెంట్ కోటు ట్రై చేస్తున్నాడు. స్లీవ్స్ చూడు, ఎంత లాంగ్ ఉన్నాయో."

దగ్గరికెళ్లి చూశాను. ఆయన చేతులు కోటులోనే ఎక్కడో ఉండిపోయాయి. దర్జీలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. ఆ నవ్వును నేను భక్తి అనుకున్నాను.

"వీడియోలో కనిపిస్తోందా?" అని అడిగాను.

"నీ హెడ్ పైనే ఉంది. క్లియర్‌గా."

వంటింట్లోంచి మా ఆవిడ, "కొన్నరోజే అన్నాను కదా, ఆ మొహం ఎక్కడో చూసినట్టుందని," అంది.

ఎన్నికలో నామీద పోటీ చేసిన పళ్ల డాక్టరుగారు గెలిచారు. బొమ్మ వల్లే ఓడిపోయానని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. ఓటమికి చరిత్రలో కారణం దొరికితే కొంత గౌరవంగా ఉంటుంది. కొన్నాళ్లకు ఆ డాక్టరమ్మగారే మా ఇంటికొచ్చారు.

"అన్నయ్యా, భోజనాల కమిటీ మీరే చూసుకోవాలి."

సందు చూసుకుని, "నా వీడియో చూశారా?" అన్నాను.

"ఏ వీడియో అన్నయ్యా?"

తర్వాత విచారిస్తే, మా అమ్మాయి తప్ప దాన్ని ఎవరూ తెరవనే లేదని తేలింది.

కమిటీ సంగతి ఆలోచించి చెబుతానన్నాను, గొంతులో కొంచెం బరువు పెట్టి. ఆవిడ కారు స్టార్ట్ చేసేలోపే వెనకాల పరుగెత్తి ఒప్పుకున్నాను.