ఊరి నడుమ వంగతోట

కొత్త జిల్లా ఏర్పడిన రోజుల్లో ఏ పని ఎక్కడ జరుగుతుందో మాకెవరికీ సరిగా తెలిసేది కాదు. అంతకుముందు గిద్దలూరు మీదుగా కర్నూలుకు పోయేవాళ్లం. ఇక మీదట పొదిలి మీదుగా ఒంగోలుకు పొమ్మన్నారు. మార్కాపురం ఆఫీసుల్లో మాత్రం, మీ కాగితాలు కర్నూలు నుంచి ఇంకా రాలేదనేవారు. నాకు కావలసింది పెద్ద పనేమీ కాదు. మా ఇంటి వెనక బావికి కరెంటు మోటారు పెట్టుకోవాలి.

తర్లుపాడు వైపు మా పొలాలు నాయన కాలంలోనే చేజారాయి. ఎట్లా జారాయో ఇక్కడ చెప్పను. అవి చెప్పుకునే అలవాటు మా ఇంట లేదు. మిగిలింది ఊళ్లో ఇల్లు, దాని వెనక స్థలం, బావి. ఎద్దులు లేవు, పాలేర్లు లేరు. ఆ స్థలంలో నేనే పార పట్టి వంగ, బెండ, గోంగూర వేసి, గోడ పొడవునా సొరపాదులు పెట్టాను. గోడ ఎత్తయినది కాబట్టి నేను పార పట్టడం బజారుకు కనపడదనుకునేవాణ్ణి. గిలక మీద చేదతో తోడి తోడి నడుము పట్టేసింది. ఎండాకాలం ముదిరేలోపు మోటారు రాకపోతే తోట ఎండిపోతుంది. మా వంటింట్లోకి మరో దారిన కూర రాదు.

కరెంటు ఆఫీసులో, సాగుభూమికైతే ఇస్తామన్నారు. కరణాన్ని అడిగితే, "గ్రామకంఠంలో సాగేంది అయ్యా? ఇండ్లుండే చోట ఇండ్లే ఉంటాయి" అన్నాడు. సమితి ఆఫీసులో అడిగితే, పంచాయతీ వాళ్లు సాగేనని రాసిస్తే చాలన్నారు. నేల నాది, మొక్కలు నావి, నీళ్లు నావి. అది సాగు అని చెప్పడానికి ఇంతమంది ఎందుకో నాకు అర్థం కాలేదు.

పంచాయతీ ఆఫీసరు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన యువకుడు. మా ఇంటిపేరు చెప్పాను. అతని ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఊళ్లో ఉంటే దాన్ని పెరడంటామండీ" అన్నాడు మర్యాదగానే.

"పెరడంటే నాలుగు పాదులు. నాది తోట. వచ్చి చూడండి" అన్నాను.

"సాగు పనులు చూసే గ్రామసేవకుణ్ణి పంపిస్తానండీ. ఆయన చూసి ఏం చెబితే అదే సభలో పెడతాం."

గ్రామసేవకుడు సైకిలు మీద వచ్చాడు. మడులన్నీ తిరిగాడు, బావిలోకి తొంగి చూశాడు, వంగాకు తిప్పి పురుగు ఉందా అని చూశాడు. "బాగా చేసినావు పెద్దయ్యా, ఇది సాగే" అన్నాడు. వెళ్లబోతుంటే సంచీ నిండా వంకాయలు, ఒక సొరకాయ సైకిలుకు తగిలించాను.

"వద్దు పెద్దయ్యా, ఇప్పుడు వద్దు."

"మా తోటలో అడుగుపెట్టిన మనిషి ఒట్టి చేతులతో పోయింది లేదు."

"అది కాదు పెద్దయ్యా..."

"కాదంటే మా ఇంటికి వచ్చినట్టు కాదు."

అతడు సంచీతోనే వెళ్లాడు. నాకు తృప్తిగా ఉండింది. పని అయిపోయిందనే అనుకున్నాను.

పంచాయతీ సభలో నా సంగతి వచ్చినప్పుడు గ్రామసేవకుడు లేచి నిలబడి, అది సాగేనన్నాడు. ఒక మెంబరు గట్టిగా నవ్వాడు. "ఎందుకనవు? సొరకాయ పులుసు బాగా కుదిరిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. గ్రామసేవకుడు తల వంచుకున్నాడు. వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో నాకు కాసేపు తెలియలేదు. పక్కనున్నవాణ్ణి అడిగితే, "సంచీ సైకిలుకు యాలాడుతుంటే బజారంతా చూసింది అయ్యా" అన్నాడు. అప్పుడు తెలిసింది. మా తాతల మర్యాద ఆ గదిలో లంచమైంది.

ఆఫీసరు నవ్వలేదు. "ఆ మాట పక్కన పెడదామండీ. మీ పంట ఎవరు కొంటారో వాళ్లని చెప్పమనండి" అన్నాడు.

మా పక్కింటి శెట్టెమ్మ కిరాణా దుకాణం వదిలి నాకోసమే వచ్చి కూర్చుని ఉంది. గబుక్కున లేచింది. "కొనేదేంది సార్! ఈ అన్న ఏనాడూ పైసా తీసుకున్న మనిషి కాదు. వీధి వీధంతా ఈయన పెట్టిన కూరే తింటాండాం. అంత దొడ్డ ఇల్లు అది!"

ఆమె మెచ్చుకుని కూర్చుంది. ఆఫీసరు కలం మూశాడు. "అమ్మకం లేకపోతే నేను సాగు అని ఎట్లా రాయనండీ?"

నాకు కోపం వచ్చింది. ఎవరిమీద రావాలో తెలియలేదు. శెట్టెమ్మ చెప్పింది నిజం. ఇంకెక్కడైనా ఆ మాట అని ఉంటే నా ఛాతీ పొంగేది.

బయటికి వస్తుంటే ఆఫీసరు వెనకే వచ్చాడు. "ఒక్కసారి సంతలో కూర్చోండి. అమ్ముకునేవాళ్ల దగ్గర పన్ను తీసుకుని ఆశీలు చీటీ కోస్తారు కదా, అది పంచాయతీ చీటీయే. అది తెస్తే నేను కాదనలేను." అతడు నాకు మేలు చేస్తున్నాడో, నన్ను నేల మీద కూర్చోబెట్టి చూడాలనుకుంటున్నాడో తేల్చుకోలేకపోయాను.

సంత రోజున గోనెపట్ట పరిచి కూర్చున్నాను. వంగి కూర్చోవడం రాక, దేవుడి ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాను. తెలిసినవాళ్లు వచ్చి దణ్ణం పెట్టారు. ఏదో మొక్కు తీర్చుకోవడానికి పంచుతున్నాననుకున్నారు. ఒకావిడ వంకాయలు కొంగులో వేసుకుని, "మీ చెయ్యి సల్లగుండ" అని వెళ్లిపోయింది. ఆమెను వెనక్కి పిలవడానికి నోరు రాలేదు. ఆశీలు వసూలు చేసేవాడు నా దగ్గరికి వచ్చి చీటీల పుస్తకం వెనక్కి దాచాడు.

"మీకు ఆశీలేంది అయ్యా? నా కండ్లు పోతాయి."

"కొయ్యరా చీటీ!"

"అమ్మకుంటే ఎట్ల కొయ్యాల?"

అప్పుడు అర్ధవీడు వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకడు, భుజాన కంబళితో, నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నేనెవరో అతనికి తెలియదు.

"ఏంది ముసలోడా, వంకాయలు ఎట్ల?"

నా జన్మలో నన్నెవరూ అట్లా పిలవలేదు. ఏదో ఒక ధర చెప్పాను.

"బంగారమా అవి? పుచ్చులు గూడా ఉండాయి."

"పుచ్చులా! నా తోటలో పుచ్చు కాయ చూపించు" అని సంచీ మొత్తం గోనెపట్ట మీద కుమ్మరించాను. అతడు ఒక్కో కాయా తిప్పి చూశాడు. నేనూ చూశాను. ధర కొంత తగ్గించి ఇచ్చాను. అతడు డబ్బు నా చేతిలో వేసి, దణ్ణం పెట్టకుండానే లేచి వెళ్లాడు. ఆ మనిషిని కొట్టాలనిపించిందో, ఆపి ఇంకో నాలుగు కాయలు వెయ్యాలనిపించిందో చెప్పలేను. రెండూ అనిపించాయనుకుంటాను. ఆశీలువాడు అటు తిరిగి నిలబడి చీటీ కోసి ఇచ్చాడు.

ఆఫీసరు మాట తప్పలేదు. ఎండలు ముదిరేసరికి మోటారు వచ్చింది. మడులు నిండాయి. వంగ మునుపెన్నడూ లేనంత కాసింది.

ఒక పొద్దున శెట్టెమ్మ పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. నేను అలవాటుగా కాయలు కోసి ఆమె గిన్నెలో వేయబోయాను. ఆమె గిన్నె వెనక్కి తీసుకుంది.

"ఎట్ల ఇస్తాండావన్నా?"

"నీకు ధరేంది? తీసుకోమ్మా."

"ఊరికే అయితే నాకొద్దు. మళ్లా ఎవురన్నా చూసి చెప్తే నీ కరెంటు పీకిపోతారు. నా నోటితో ఒకసారి చెడగొట్టింది చాల్లే."

ఆమె నా మేలు కోరే అంటోంది. కాయలు నా చేతిలోనే ఉన్నాయి. మోటారు ఆడుతోంది, నీళ్లు మడి దాటి నా కాళ్ల కిందికి వచ్చాయి. చివరికి ఒక ధర చెప్పాను.

"అబ్బ, సంతలోనే నయం గదన్నా" అంటూ ఆమె గడప మీద కూర్చుని బేరం మొదలుపెట్టింది.