గులాబీ రంగు లేదు

నేను రాసినవాటిలో పదిమందీ చదివిన వాక్యం ఒక్కటే. అడుగెత్తు అక్షరాలతో మా తెలుగు టీచర్ పదవీ విరమణ సభలో, సరిగ్గా ఆవిడ తల మీద వేలాడింది. ఆ తరవాత నేను ఆవిడకి మొహం చూపించలేదు. ఎందుకో చెబుతాను, నవ్వుకోండి. నాకెలాగూ నవ్వు రాదు.

అప్పట్లో అమలాపురంలో సత్తిబాబు గారి ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేసేదాన్ని. రాజోలు దగ్గర మా బడి నుంచి డ్రిల్లు మాస్టారు వచ్చి, సువార్త టీచర్ గారి ఫొటో ఇచ్చారు.

“కింద ఓ మంచి ముక్క నువ్వే రాసెయ్యమ్మా,” అన్నారు.

బడిలో ఉన్నన్నాళ్లూ ఆవిడ ముందు “ప్రెజెంట్ టీచర్” తప్ప మరో మాట నా నోట రాలేదు. నాకు పుస్తకాల పిచ్చి అంటించింది ఆవిడేనని నా డైరీకి తెలుసు, ఆవిడకి తెలీదు. తెలియజెయ్యడానికి ఇదే ఆఖరి అవకాశం. డైరీలో పేజీలు కొట్టేసి కొట్టేసి చివరికి తేల్చాను: “టీచర్ గారూ, మీరు వెళ్లిపోవడం మాకు ఇష్టం లేదు.” అక్షరాలన్నీ నలుపు. అందం కోసమని ‘లేదు’ ఒక్కదానికి మాత్రం గులాబీ రంగు.

అసలు ప్రింటుకి ముందు మిషను నాలుగు రంగుల గీతలూ గీసి చూపిస్తుంది. ఆ రోజు గులాబీ గీతలున్నచోట ఖాళీ. ఇంకు గడ్డకట్టి రంధ్రాలు పూడిపోయాయి. నమూనాకి ఫొటో ఒక్కటీ ప్రింటు తీస్తే టీచర్ గారు పచ్చి మామిడికాయలా వచ్చారు! శుభ్రం చెయ్యాల్సింది సత్తిబాబు గారు. ఆయనేమో బేరంలో ఉన్నారు. “ఏవండీ” అని పిలిచాను. ఆ పిలుపు నాకే వినబడలేదు.

ఆయనే కేకేశారు. “అమ్మాయ్, గీతలన్నీ వచ్చేయా?”

“ఆయ్, వచ్చేయండి.”

అబద్ధమైతే ఆడాను, మరి మామిడికాయ సంగతో? మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఫొటోని నలుపు తెలుపు చేసేశాను. ఇక గులాబీతో పనే లేదు! నా తెలివికి నేనే మురిసిపోయాను. ప్రింటు బయటికొస్తుంటే మొహం వరకూ చూసుకున్నాను.

“ఆటో ఆగిందమ్మా, చుట్టెయ్, చుట్టెయ్!” అన్నారు డ్రిల్లు మాస్టారు.

చుట్టేశాను.

సభలో గుమ్మం దగ్గర నక్కి నిలబడ్డాను. నా పక్కన ఒకాయన ఫ్లెక్సీలో నలుపు తెలుపు ఫొటో చూసి చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు.

“అయ్యో, ఎప్పుడు పోయేరండీ?”

అప్పుడు చదివాను. “టీచర్ గారూ, మీరు వెళ్లిపోవడం మాకు ఇష్టం.” ఆ తరవాత మల్లెపువ్వులాంటి తెలుపు.

పారిపోదామనుకునేలోగా డ్రిల్లు మాస్టారు రెక్క పట్టుకుని వేదిక దగ్గరికి లాక్కుపోయారు. “రాసింది ఈ అమ్మాయేనండీ!”

టీచర్ గారు కళ్లజోడు సర్దుకుని పైకి చూశారు. తరవాత నన్ను చూశారు.

“నువ్వటే? కిటికీ పక్కన కూర్చునేదానివి.” నేను గుర్తున్నాను! “నిజంగా ఇలాగే రాశావా?”

“లేదు” అంటే చాలు. మిషను మింగేసిన మాటా అదే, ఆవిడకి కావలసిన జవాబూ అదే. నోరు తెరిచాను.

“ఆయ్,” అన్నాను.

“తప్పేం లేదమ్మా, వాక్యం సరిగ్గానే ఉంది,” అని తల నిమిరారు.

ఆ ఫ్లెక్సీ ఇప్పుడు బడి వంటషెడ్డు మీద కప్పేశారు. రాజోలు బస్సులోంచి ‘మాకు ఇష్టం’ వరకూ స్పష్టంగా కనిపిస్తుంది.

అందుచేత నాలుగు రంగుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ‘లేదు’ అన్న మాటని నల్ల ఇంకుతో తప్ప అచ్చు వెయ్యను. నోటితో అనడమంటారా? అక్కడ గీతలింకా రావడం లేదు.