తిరిగి రాని మూత

మా పెద్దమ్మ కారు నడపడం నేర్పేది. వీధిలో అందరూ చక్రమ్మ అనేవారు. ఆవిడను తలచుకుంటే ముందు చేతులే కనిపిస్తాయి నాకు, ముఖం తరువాత వస్తుంది. గడియారంలో తొమ్మిది దగ్గర ఒక చెయ్యి, మూడు దగ్గర ఒకటి, బొటనవేళ్లు అంచు మీద తేలిగ్గా ఆనించి. సోఫాలో కునుకు తీస్తున్నా ఆ చేతులు అలాగే ఉండేవి, నిద్రలో ఏ దారిన పోతోందో గానీ.

ఆ వేసవిలో అమ్మ పనిచేసే లాండ్రీ మూతపడబోతోంది. పక్కనున్న బడికి పిల్లల వ్యాను నడిపే మనిషి కావాలి. "బడి తెరిచేలోగా లైసెన్సు తెచ్చుకుంటే ఉద్యోగం మీదే" అన్నారు బడివాళ్లు. అమ్మ అప్పటికి సైకిలు కూడా తొక్కి ఎరగదు.

పెద్దమ్మ కారు పగలంతా వేరే శిష్యులతో తిరిగేది. అమ్మకు దొరికేది పొద్దున్నే కాసేపు. అందుకే అసలు పాఠమంతా వంటింట్లో, పెద్ద గిన్నె మూత మీద జరిగేది.

"కుడి చెయ్యి లాగితే ఎడమది జారాలి. చేతులు పెనవేస్తావేంటే, జడ అల్లుతున్నావా?"

"నీళ్లు మరుగుతున్నాయక్కా, మూత ఇయ్యి."

"మరగనీ. రేపు రోడ్డు మీద స్టీరింగు పీకి గిన్నె మీద పెడతావా?"

గడపలో కూర్చుని చూసేదాన్ని. ఆవిరిలో మూత మెల్లగా తిరుగుతుంటే వంటిల్లే ఏదో మలుపు తిరుగుతున్నట్టు, కిటికీలో చెట్లు పక్కకు జరుగుతున్నట్టు ఉండేది.

పరీక్షలో అమ్మ మలుపు చక్కగా తిరిగింది. తిరిగాకే కారు పాములా మెలికలు పోయింది.

"రోడ్డు వెడల్పు కొలుస్తున్నారామ్మా?" అన్నాడు అధికారి. "మళ్లీ రండి."

బడి తెరిచేలోగా ఇంకొక్క పరీక్షకే సమయముంది. అమ్మ తిండి మానేసి గోడ చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ మూత తీసుకుని కుడికి తిప్పి, వేళ్లు వదులు చేసింది. మూత తిప్పిన చోటే ఉండిపోయింది. ఆవిడ తల పట్టుకుని నవ్వేసింది.

"తప్పు నాదేనే. ఈ మూత తనంతట తాను వెనక్కి రాదు, నువ్వే తిప్పుకోవాలి. కారులో అలా కాదు. స్టీరింగు కింద ఉండే పళ్ల చక్రం ఒక పళ్ల కడ్డీని అటూ ఇటూ జరుపుతుంది, దాంతో ముందు చక్రాలు తిరుగుతాయి. ఆ చక్రాల్ని కాస్త వాల్చి బిగిస్తారు. బండి కదులుతుంటే అవే నేరుగా రావాలని చూస్తాయి. దానికి తోడు నువ్వూ బలంగా తిప్పేస్తున్నావు. మెలికలు పోక ఏమవుతుంది?"

మర్నాడు మార్కెట్టు వెనక మైదానంలో పొద్దుటి వెలుగు పాలలా పరుచుకుంది. మైదానం చివరి గోడ దగ్గర కారు నెమ్మదిగా మలుపు తిరిగింది.

"ఇప్పుడు వేళ్లు సడలించు."

"గోడెక్కుతుందక్కా!"

"కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో. నలగకూడదు, ఎగిరిపోకూడదు. గోడను చూస్తే గోడకే పోతావు. పోవాల్సిన చోటు చూడవే."

అమ్మ అరచేతుల మధ్య నుంచి చక్రం మెత్తగా జారుతూ వెనక్కి వచ్చింది. కారు తిన్నగా వెలుగులోకి సాగింది.

"ఎవరో తిప్పుతున్నట్టుందక్కా" అంది అమ్మ, ఊపిరి బిగబట్టి.

"ఎవరూ లేరే. రోడ్డే."

రెండో పరీక్షకూ అదే అధికారి. మలుపు దాటాక ఆయన అమ్మ చేతుల వంక చూశాడు.

"ఈసారి కొలవలేదే?"

"కొలత అయిపోయింది సార్."

బడి తెరిచిన రోజు వ్యాను అమ్మే నడిపింది. చాలా ఏళ్లు నడిపింది.

పెద్దమ్మను కాటికి సాగనంపి వచ్చిన రోజు కూడా వ్యాను నడిపింది అమ్మే. పక్కన నేనున్నాను. మా వీధి మలుపులో ఆమె వేళ్లు సడలాయి. చక్రం తనంతట తాను జారుతూ నేరుగా వచ్చి నిలిచింది.

"ఎవరో తిప్పుతున్నట్టుంది" అంది అమ్మ.

రోడ్డేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.