మా నాన్న పట్టుకున్న మొలతాడు

పొద్దున సంతబొమ్మాళిలో తోపుడు బండి మీద నల్ల మొలతాళ్ల కట్ట చూసి ఆగిపోయాను. చిన్నప్పుడు మన ఒంటి మీద బట్ట లేకపోయినా అదొకటి ఉండేది, గుర్తుందా?

ఒకసారి నాన్నతో, మావయ్యతో పడవలో వేటకెళ్లాను. తడిసిన వలంతా ఒక పక్కనే పోగుపడింది. అలలు కొట్టి అడుగున నీళ్లు నిలిచాయి. పడవ వల ఉన్న పక్కకే ఒరిగింది. నేను బెదిరిపోయి, ఎత్తుగా లేచిన రెండో పక్కకి ఉరకబోయాను. నాన్న వెనక నుంచి మొలతాడు పట్టి లాగి నడిమిన కూలేశాడు.

“ఏటి సేత్తన్నావురా? నువ్వటు దూకితే నీళ్లన్నీ నీ ఎనకే వత్తాయి, పడవ బోర్లా పడతాది. కూకొని తోడు!”

డబ్బాతో ఒకరం, దోసిళ్లతో ఇద్దరం కూర్చునే తోడాం. నీళ్లు తగ్గాకే వలను కొంచెం కొంచెంగా నడిమికి జరిపారు.

“బావా, ఆ తాడు తెగుంటే ఈపాటికి సేపలకి మనమే కూడు,” అని నవ్వాడు మావయ్య.

ఒడ్డుకొచ్చాక సంగతి విని అమ్మ ఏడవలేదు. పడవకి పెట్టే పసుపు తెచ్చి, ముందు నా మొలతాడుకి రాసింది.

నేను ఎవరికీ తల వంచే రకం కాదు. ఈ రోజు మాత్రం ఒక తాడు కొని కళ్లకద్దుకున్నాను.

“మనవడికా తాతా?” అన్నాడు బండివాడు.

“నాకేరా. మా నాన్న పట్టుకోడానికి.”