మెట్టుకు రెండు గంటలు

నేను ఆ లంక ఊరి హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరి అప్పటికి ఏడాది. ఒక మామ్మగారి డాబా ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాను. ఆవిడా, పదో తరగతి చదివే మనవరాలూ పక్క వాటాలో ఉండేవారు. డాబా మీద ఒక రేకుల గది ఉండేది.

ఆ ఆగస్టులో గోదావరి పెరుగుతోందని బళ్ళకు సెలవిచ్చారు. శనివారమే ఏరు దాటించే పంటు ఎక్కి నిడదవోలు మా ఇంటికి వెళ్ళిపోవాల్సినదాన్ని. స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దేసి వెళ్దామని ఆగాను. ఆదివారం లేచేసరికి వాకిట్లో నీళ్ళు. పంటు ఆపేశారు. బియ్యం, గ్యాస్ పొయ్యి, రెండు మేకలతో ముగ్గురం డాబా ఎక్కాం.

పిల్ల పై మెట్టు మీద కూర్చుని నీళ్ళకేసే చూస్తోంది.

"టీచర్ గారూ, ఎంతసేపట్లో పైకొచ్చేస్తాయండి?"

క్లాసులో అన్నట్టే అన్నాను. "లెక్క చేసి చూడు. ముందు తెలిసినవి రాయి."

దిద్దిన పేపరు వెనక రాసింది. మొత్తం మెట్లు పద్నాలుగు. ఏడింటికి మూడో మెట్టు మునిగింది. తొమ్మిదింటికి నాలుగోది. అంటే ఒక మెట్టుకు రెండు గంటలు. మిగిలినవి పది మెట్లు, పది మెట్లకు ఇరవై గంటలు. కాబట్టి రేపు తెల్లవారి ఐదింటికి.

ఒక్క స్టెప్పూ వదల్లేదు. మామూలుగా అయితే ఫుల్ మార్కులు వేసేదాన్ని.

"అయిదింటికి మునిగిపోతామాండీ?" అంది, పెన్ను మూత పెట్టకుండానే.

తొమ్మిదో తరగతిలో నేను తొట్టి, కుళాయి లెక్క చెబుతుంటే, "మధ్యలో నీళ్ళు సన్నంగా వస్తేనోనండి?" అని అడిగింది ఈ పిల్లే. లెక్కలో ఇచ్చిందే తీసుకోవాలని కసిరి కూర్చోబెట్టాను.

"ఇదే వేగంతో పెరిగితేనేనమ్మా," అన్నాను. "మళ్ళీ కొలుద్దాం."

అయిదో మెట్టు మునగడానికి మూడు గంటలు పట్టింది. ఆరోది సాయంత్రమైనా పూర్తిగా మునగలేదు. మామ్మగారు పిట్టగోడ మీంచి చూసి, "గట్టు దాటి అరటి తోటల్లో పడ్డాయి. అంత మేరా నిండొద్దూ? ఇంక నెమ్మదిస్తాయి" అన్నారు.

"వేగం మారిపోతుంటే ఎలా చేస్తారండి మరి?" అని అడిగింది పిల్ల.

"నాకు తెలీదమ్మా," అన్నాను. ఆ మాట ఒక విద్యార్థితో అనడం అదే మొదటిసారి.

మర్నాడు నీళ్ళు పెరగలేదు, తగ్గనూ లేదు. ఫోన్లు చచ్చిపోయాయి. రేకుల గది పొయ్యిలా కాలింది. అవసరానికి ఒకరు మూలకి వెళితే మిగతా ఇద్దరం అటు తిరిగి కూర్చునేవాళ్ళం. ఎటు చూసినా ఎర్రనీళ్ళే. గంటకోసారి ఆరో మెట్టు చూసి రావడం తప్ప ఇంకో పని లేదు. ఒక దశలో ఆ మెట్టు మీదే అరిచాను. మేకలు బెదిరిపోయాయి. మామ్మగారు గ్లాసుడు నీళ్ళిచ్చారు.

మూడో రోజు మధ్యాహ్నం పడవ వచ్చింది. మేకల్ని ఎక్కించుకోవడం కుదరదన్నారు.

"వాటినొదిలి నేను రాను," అన్నారు మామ్మగారు.

"మామ్మనొదిలి నేను రానండి. మీరెళ్ళండి టీచర్ గారూ," అంది పిల్ల.

నేను బతిమాలలేదు. రెండోసారి అడిగితే నేనూ ఆగిపోవాల్సి వస్తుందని భయమేసింది. పడవెక్కేశాను. వెనక్కి చూస్తే ఇద్దరూ పడవవాళ్ళిచ్చిన మంచినీళ్ళ పాకెట్లు లోపలికి చేరవేసుకుంటున్నారు.

బురద కడిగి బడి తెరిచేసరికి రెండు వారాలు పట్టింది. ఆ ఉదయమే పంటు దిగి నేరుగా బడికే వెళ్ళాను. పిల్ల ముందు బెంచీలోనే కూర్చుంది. నేను బోర్డు వైపు తిరిగి తేదీ రాస్తున్నాను, ఆ తేదీ రాయడానికే చాలాసేపు తీసుకున్నాను.

"మీ ఇంట్లో అందరూ బాగున్నారాండి?" అని అడిగింది వెనక నుంచి.