నలుగురి ముందు అడిగిన ప్రశ్న

రేపు నా కొడుకు కూడా కాలువలోకి దూకితే? కడపలో వాడి బడిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో కూర్చున్నంతసేపూ నాకు ఇదే భయం.

ముందు రోజు పదో తరగతి జయపాల్, స్నేహితులు చూస్తుండగా వంతెన మీద నుంచి కాలువలోకి దూకాడు. సమావేశంలో హెడ్మాస్టర్ వాణ్ని అందరి ముందూ నిలబెట్టి, "మళ్లీ దూకుతావా?" అని గద్దించాడు. వెనక నిలబడ్డ వాడి స్నేహితులు కిసుక్కున నవ్వారు.

"దూకుతా," అన్నాడు జయపాల్.

"అయితే టీసీ తీసుకుపో!"

నాకు ఒళ్లు మండింది. ఈ వయసులో మెదడులో ఉత్సాహం ముందు పరుగెడుతుంది, దాన్ని ఆపే భాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు. తోటివాళ్లు చూస్తుంటే ఆ పరుగు ఇంకా పెరుగుతుంది. సైన్సు చెప్పే బడికే ఇది పట్టదా?

జయపాల్ తల్లి ప్రేమమ్మ లేచింది. భర్త పోయాక మిరప కోతలకు వెళ్తూ పిల్లల్ని సాకుతున్న మనిషి. చర్చిలో ఈ వయసు పిల్లలకే పాటలు నేర్పుతుంది.

"జతగాళ్ల ముందర అడిగితే దూకనని యాడంటాడు సార్? మీరైతే అంటారా? లోపలికి పిల్చి ఒక్కణ్నే అడగండి."

"నీ పెంపకం తెలుస్తూనే ఉంది. కూర్చోమ్మా."

"కూర్చోను. మీరు అడిగేదాకా ఈడనే నిలబడుకుంటా."

నేనూ లేచి నిలబడ్డాను. నన్ను చూసి మరికొందరు లేచారు. ఆయన విసుక్కుంటూ వాణ్ని గదిలోకి పిలిచాడు. "నీళ్లలో శానా భయమేసింది సార్, ఇంక దూకను," అని వాడు అక్కడ ఏడ్చాడట. టీసీ ఆగింది. ప్రేమమ్మను అన్న మాటకు మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

గేటు దగ్గర ఆమెకు నా భయం చెప్పాను.

"నలుగుర్లో ఏమీ అడగొద్దమ్మా. పక్కకు పిల్చుకొని, అన్నం పెట్టి అడుగు," అంది.

ఇప్పుడు చుట్టాల ముందు ఎవరైనా నా కొడుకు మార్కుల సంగతి ఎత్తితే మాట మార్చేస్తాను. తర్వాత వంటింట్లో వాడికి అన్నం పెట్టి, మేమిద్దరమే ఉన్నప్పుడు అడుగుతాను.